నడిచి వెళ్లాల్సిన వాద్యం

1705లో ఆర్న్‌స్టాట్ అనే చిన్న జర్మన్ ఊళ్లో చర్చి ఆర్గనిస్టుగా ఉన్న ఇరవయ్యేళ్ల బాఖ్ నాలుగు వారాల సెలవు అడిగి, దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు నడిచి ల్యూబెక్ వెళ్లాడు. అక్కడి మేరీ చర్చిలో పెద్దాయన బుక్స్‌టెహూడ వాయిస్తుంటే వినాలని. నాలుగు వారాలకని వెళ్లిన మనిషి మూడు నెలలు దాటాక గానీ తిరిగి రాలేదు. వచ్చాక ఊరి పెద్దలు పిలిచి చీవాట్లు పెట్టారు. సెలవు మీరినందుకు కొంత, భక్తులు పాడుకునే పాటలో వింత స్వరాలు కలిపి వాళ్లను తికమక పెడుతున్నందుకు ఇంకొంత.

ఆయన గురువు కోసం నడిచాడని అందరూ రాస్తారు. నాకది సగం మాటే అనిపిస్తుంది. ఆర్న్‌స్టాట్‌లో ఉన్నది కొత్త ఆర్గనే, మంచిదే, కానీ చిన్నది. ల్యూబెక్‌లోది మహావాద్యం. బుక్స్‌టెహూడ సంగీతం ఆ గొట్టాల్లోంచి, ఆ ఇటుక కప్పు కింద ఆ ప్రతిధ్వనిలోంచి పుట్టింది. వీణ నేర్చుకునేవాడు వీణను చంకన పెట్టుకుని గురువు ఇంటికి వెళ్తాడు. ఆర్గన్ నేర్చుకునేవాడికి ఆ వీలు లేదు. వాద్యం ఎక్కడుంటే అక్కడికి పోవాలి, ఎలా ఉంటే అలా వాయించాలి. అందుకే పాశ్చాత్య సంగీత కళాశాలల్లో మిగిలిన ఏ విభాగానికీ లేని తగువు ఒకటి ఆర్గన్ విభాగానికి ఉంది. పాఠం ఎవరు చెప్పాలన్నది తర్వాతి మాట. ముందు బడిలో ఏ ఆర్గన్ కట్టాలి? రెండు వందల ఏళ్లుగా పారిస్‌లో, జర్మనీలో, అమెరికాలో, స్వీడన్‌లో ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు వచ్చాయి. డబ్బుతో, సీసంతో, ఓక్ చెక్కతో కట్టిన జవాబులు కాబట్టి తప్పయినా తుడిచేయడం కుదరదు.

మనకు తెలిసిన ఆర్గన్ అంటే మౌతార్గన్, లేదంటే పెళ్లి బ్యాండులో కీబోర్డు. అసలు వాద్యం స్వరూపం పట్టుకోవాలంటే పద్యనాటకాల హార్మోనియం దగ్గర మొదలుపెట్టడం తేలిక. తిత్తి గాలి నింపుతుంది, మెట్టు నొక్కితే గాలి బయటికి పోతూ ఇత్తడి రేకును పలికిస్తుంది. హార్మోనియంలో రేకుతో కథ అయిపోతుంది. ఆర్గన్‌లో ప్రతి స్వరానికీ విడిగా ఒక గొట్టం నిలబడి ఉంటుంది. గొట్టాల్లో ఎక్కువ భాగం పిల్లనగ్రోవి జాతివి, గాలి పెదవికి తగిలి పలుకుతాయి. కొన్నింటి అడుగున ఇత్తడి నాలుక ఉంటుంది, వాటి గొంతు సన్నాయిలా గరగరలాడుతుంది. ఒకే రంగు ధ్వని ఇచ్చే గొట్టాల వరుసను స్టాప్ అంటారు. పక్కనున్న పిడిని లాగితే ఆ వరుసకు గాలి అందుతుంది, తోసేస్తే ఆగిపోతుంది. ఎనిమిది అడుగుల గొట్టం సెకనుకు 65 కంపనాల మంద్ర స్వరం ఇస్తుంది. ముప్పై రెండడుగుల గొట్టం పలికే అట్టడుగు స్వరం చెవికి వినబడేకంటే కుర్చీకి తెలిసేది ఎక్కువ. చేతులకు రెండు నుంచి ఐదు వరుసల మెట్లు, కాళ్లకు ఇంకో వరుస. ఆర్గన్ విద్యార్థులు పాఠానికి పలచని తోలు అడుగున్న చెప్పుల జత ఒకటి విడిగా తెచ్చుకుంటారు.

ఇంత వాద్యానికి గాలి ఎవరు కొట్టాలి? కరెంటు పంకా రాకముందు తిత్తులు తొక్కడానికి మనుషులుండేవారు, జర్మన్‌లో వాళ్లకు కాల్కాంట్ అని పేరు. పెద్ద ఆర్గన్‌కు నలుగురైదుగురు కావాలి. వాళ్లకు కూలి ఇవ్వాలి. చలికాలంలో చర్చి మంచుగడ్డలా ఉంటుంది. అంటే రోజుకు నాలుగు గంటల సాధన అన్న మాటే ఆ రోజుల్లో డబ్బున్నవాడి కల. అందుకే ఇంట్లో కాలిమెట్లు తగిలించిన క్లావికార్డులు, తర్వాత పెడల్ పియానోలు వచ్చాయి. 1843లో స్వరకర్త మెండెల్సన్ స్థాపించిన లైప్‌జిగ్ కన్సర్వేటరీలో ఆర్గన్ విద్యార్థులు ఇలాంటి పియానో మీదే కాళ్లకు పని నేర్పుకున్నారు. షూమన్ 1845లో పియానో కింద అమర్చే కాలిమెట్ల బల్ల ఒకటి అద్దెకు తెచ్చుకుని, ముచ్చటపడి దానికోసం కొన్ని రచనలే చేశాడు. ఇప్పుడు అదే అవసరాన్ని హాప్ట్‌వర్క్ అనే సాఫ్ట్‌వేర్ తీరుస్తోంది. ఎక్కడో ఉన్న పాత ఆర్గన్‌లో ఒక్కో గొట్టాన్నీ విడిగా రికార్డు చేసి, హాస్టల్ గదిలో హెడ్‌ఫోన్లకు అందిస్తుంది. వేళ్లు సాధన చేసుకోవచ్చు. గది మాత్రం పలకదు.

ఆర్గన్ చదువుకు అత్యంత పేరున్న బడి పారిస్ కన్సర్వేటరీ. విచిత్రమేమంటే, దాని స్వర్ణయుగంలో తరగతి గదిలో ఉన్న ఆర్గన్ నాసిరకంది. 1872 నుంచి 1890లో చనిపోయేదాకా అక్కడ సీజర్ ఫ్రాంక్ ప్రొఫెసరు. ఊళ్లో సేంట్ క్లోటిల్డ్ చర్చిలో ఆయన వాయించేది ఆ శతాబ్దపు మహాశిల్పి కావయ్యే-కోల్ 1859లో కట్టిన ఆర్గన్. పాఠం చెప్పేది మాత్రం ఆ డొక్కు మీద. వారానికి ఆరు గంటల తరగతిలో ఐదు గంటలు మనోధర్మానికే పోయేవని శిష్యుడు లూయీ వియెర్న్ జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. పరీక్ష కూడా అలాగే ఉండేది. ఇచ్చిన చర్చి గీతానికి అప్పటికప్పుడు తోడు స్వరాలు కట్టాలి. ఇచ్చిన ఇతివృత్తాన్ని గొంతు తర్వాత గొంతు అందుకునేలా అప్పటికప్పుడు ఫ్యూగ్ నడపాలి. ఇంకో ఇతివృత్తం మీద స్వేచ్ఛగా కల్పన చేయాలి. ఇవన్నీ అయ్యాక, ముందుగా నేర్చుకున్న రచన ఒకటి చూడకుండా వాయించాలి. మన లెక్కలో చెప్పాలంటే కీర్తనకు ఒక వంతు మార్కులు, రాగం తానం పల్లవికి మూడు వంతులు. సభలో కొత్త పల్లవి పంక్తి చేతికిచ్చి పాడమన్నప్పుడు విద్వాంసుడు పడే హైరానా గుర్తొచ్చి, పారిస్ కుర్రాళ్ల మీద నాకు జాలి వేస్తుంది.

ఫ్రాంక్ పోయాక వచ్చిన విదోర్ విద్యార్థుల వాయింపు విని హడలిపోయాడు. కల్పన సరే, కాళ్లూ వేళ్లూ ఏవి? ఆయన బ్రస్సెల్స్‌లో లెమెన్స్ దగ్గర నేర్చినవాడు. ఒక స్వరాన్ని మరో స్వరానికి సందు లేకుండా అంటించడం, అదే స్వరం మళ్లీ వస్తే మధ్యలో సరిగ్గా సగం విలువ ఖాళీ ఇవ్వడం, శరీరం కదలకపోవడం – ఈ క్రమశిక్షణంతా కుదురుగా మొదటినుంచీ పట్టించాడు. అప్పటికే తమకు అంతా వచ్చనుకున్న వియెర్న్, తూర్నమీర్ లాంటివాళ్లు మళ్లీ సరళీ స్వరాల దగ్గర కూర్చోవలసి వచ్చింది. విదోర్ 1896లో రచనా విభాగానికి వెళ్లిపోయాడు. తర్వాత గిల్మాన్, జిగూ, 1926 నుంచి 1954 దాకా మార్సెల్ ద్యుప్రే. ఈ ద్యుప్రే 1920లోనే అదే కన్సర్వేటరీలో పది కచేరీల్లో బాఖ్ ఆర్గన్ రచనలన్నీ కాగితం చూడకుండా వాయించాడు. ఆయన తరగతిలోంచే మెస్సియాన్, జాన్ దెమెస్యూ, మారీ-క్లేర్ ఆలాన్ వచ్చారు. ఫ్రాంక్ కల్పన, విదోర్ క్రమశిక్షణ అనే రెండు పాయలూ ఆ గదిలో కలిసే పారాయి.

ఇక్కడ ఒక పక్కమాట. ఆ తరాల ఫ్రెంచ్ ఆర్గనిస్టుల్లో చూపు లేనివాళ్లు ఆశ్చర్యపోయేంత మంది. పారిస్‌లోని జాతీయ అంధ బాలల విద్యాసంస్థలో ఆర్గన్ వృత్తివిద్యగా నేర్పేవారు. వియెర్న్, మార్షాల్, లాంగ్లే, లితేజ్ అందరూ అక్కడి పిల్లలే. కాగితం మీద ఆధారపడని చదువు కన్సర్వేటరీలో రాజ్యమేలడానికీ, ఈ పిల్లలు అందులో నెగ్గడానికీ సంబంధం లేదనుకోలేను.

అట్లాంటిక్ అవతల కథ వేరు. రోచెస్టర్‌లో కొడాక్ యజమాని జార్జ్ ఈస్ట్‌మన్ ఇంట్లోనే ఆర్గన్ పెట్టించుకుని, ఉదయం ఫలహారం వేళ వాయించడానికి హరాల్డ్ గ్లీసన్ అనే కళాకారుణ్ణి కుదుర్చుకున్నాడు. మన జమీందార్లు మేళాలను పోషించినట్టే. 1921లో ఆయన డబ్బుతో మొదలైన ఈస్ట్‌మన్ సంగీత కళాశాలలో ఆ గ్లీసనే ఆర్గన్ విభాగానికి పెద్ద. మూకీ సినిమాల కాలం కాబట్టి తెర మీద బొమ్మకు తగినట్టు ఆర్గన్ వాయించడం కూడా అక్కడ ఒక కోర్సు. మాటలొచ్చి ఆ కొలువులు పోయాయి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆర్గన్‌కు కరెంటు తోడైంది. మెట్టుకూ గొట్టానికీ మధ్య చెక్క బద్దలు పోయి తీగలు వచ్చాయి. వాయించేవాడు ఎక్కడ కూర్చున్నా ఫర్వాలేదు, ఎన్ని వేల గొట్టాలైనా పేర్చుకోవచ్చు. దానిమీద వచ్చిన ఆదర్శం పేరు ‘అమెరికన్ క్లాసిక్’. ఏయోలియన్-స్కిన్నర్ సంస్థలో డొనాల్డ్ హారిసన్ దాన్ని తీర్చిదిద్దాడు. బాఖ్, ఫ్రాంక్, నిన్న రాసిన రచన అన్నీ ఒకే వాద్యం మీద పలకాలి. ఒక బడి, ఒక పెద్ద హాలు, ఒక ఆర్గన్. ఖర్చు దృష్టితో చూస్తే ఇంతకంటే సబబైన జవాబు లేదు, ఇప్పటికీ చాలా కళాశాలలు నడుస్తున్నది దీని మీదే.

ఎదురుదాడి అంతకుముందే మొదలైంది. ఆల్బర్ట్ ష్వైట్సర్ – ఆఫ్రికాలో ఆసుపత్రి పెట్టిన ఆ డాక్టరే – 1906లో జర్మన్, ఫ్రెంచ్ ఆర్గన్ నిర్మాణాన్ని పోలుస్తూ ఒక చిన్న పుస్తకం రాసి, కొత్త ఫ్యాక్టరీ ఆర్గన్లు గట్టిగా అరుస్తాయే తప్ప స్పష్టంగా పలకవని తేల్చాడు. 1921లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో పదిహేడో శతాబ్దపు వర్ణన ఆధారంగా ఒక ఆర్గన్ కట్టి చూశారు. 1944 బాంబుల్లో అది పోయింది, వాదం మాత్రం మిగిలింది. యుద్ధం తర్వాత అమెరికన్ విద్యార్థులు యూరప్ వెళ్లి హాంబుర్గ్ చుట్టుపట్ల బుక్స్‌టెహూడ కాలపు శిల్పి ఆర్ప్ ష్నిట్గర్ కట్టిన ఆర్గన్ల మీద చేతులు పెట్టారు. చెక్క బద్దతో నడిచే మెట్టు కింద గాలి మూత తెరుచుకోవడం వేలికి తెలుస్తుంది. స్వరం ఎప్పుడు మొదలవ్వాలో, ఎలా ముగియాలో వేలే నిర్ణయిస్తుంది. స్విచ్ నొక్కడం అలవాటైన వేళ్లకు అదొక కొత్త భాష. ఇంటికొచ్చి తమ బళ్లలో అలాంటివే కావాలన్నారు.

ఈ కోరికను అక్షరాలా తీర్చిన బడి ఒహాయోలోని ఓబర్లిన్. 1974లో వార్నర్ హాల్లో డచ్ శిల్పి ఫ్లెన్‌ట్రోప్ కట్టిన ఉత్తర యూరప్ బరోక్ తరహా ఆర్గన్ వచ్చింది. 1981లో ఫెయిర్‌చైల్డ్ ప్రార్థనామందిరంలో జాన్ బ్రాంబో కట్టినది, ఇంకా వెనకటి కాలపు శ్రుతిలో. 2001లో ఫిన్నీ చాపెల్లో ఫిస్క్ సంస్థ కట్టినది, ఈసారి కావయ్యే-కోల్ ఫ్రెంచ్ బాణీలో. మూడూ ఒకే ప్రాంగణంలో. పొద్దున ఒక బాఖ్ రచనను మొదటిదానిమీద వాయించి, మధ్యాహ్నం మూడోదానిమీద ప్రయత్నించిన పిల్లకు శైలి అంటే ఏమిటో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. వాద్యమే ఒప్పుకోదు. ఫిస్క్ సంస్థ స్థాపకుడు చార్లెస్ ఫిస్క్ కుర్రతనంలో అణుబాంబు తయారీ ప్రాజెక్టులో పనిచేసి, భౌతికశాస్త్రం వదిలి గొట్టాల వైపు వచ్చినవాడు. స్టాన్‌ఫర్డ్‌లో ఆయన రూపకల్పన చేసిన ఆర్గన్ 1984లో పూర్తయ్యేసరికి ఆయన లేడు. అందులో ఒక మీట తిప్పితే శ్రుతి పద్ధతే మారిపోతుంది.

శ్రుతి దగ్గర తెలుగు చెవికి ఒక సొంత ప్రవేశం ఉంది. తంబుర మంద్ర షడ్జం తీగ మీటి ఊరుకుంటే, మీటని అంతర గాంధారం దానంతటదే వినబడుతుంది. స్వయంభూ గాంధారం అంటారు, షడ్జానికి దాని నిష్పత్తి 5:4. పియానోలో, హార్మోనియంలో ఉన్న గాంధారం దీనికంటే పైకి జరిగి ఉంటుంది – పన్నెండు స్వరస్థానాలనూ సమానంగా కోసినందుకు కట్టిన మూల్యం అది. పారిస్‌లో డెబాన్ 1842లో పేటెంట్ తీసుకున్న హార్మోనియం కలకత్తాలో చేతితిత్తి తగిలించుకుని మన రంగస్థలం ఎక్కిన తర్వాత కూడా, 1940 నుంచి మూడు దశాబ్దాలు ఆకాశవాణి దాన్ని గుమ్మం తొక్కనివ్వకపోవడానికి ఈ బిగుసుకుపోయిన శ్రుతి ఒక కారణం, గమకం పలకకపోవడం మరో కారణం. ఓబర్లిన్‌లో బ్రాంబో ఆర్గన్ శ్రుతికి మీన్‌టోన్ అని పేరు. అందులో గాంధారాలు తంబుర గాంధారాలే. ఆ స్వచ్ఛతకు బదులుగా పంచమాలు కొంచెం కొంచెం కుదించుకుంటాయి, ఆ లెక్క తేలక చివర్లో ఒక్క పంచమం మాత్రం భరించలేనంత వికారంగా మిగులుతుంది. పాత ఆర్గన్ శిల్పులు దానికి ‘తోడేలు’ అని పేరు పెట్టారు, ఊళవేస్తుంది కాబట్టి. పదిహేడో శతాబ్దపు స్వరకర్తలు దాన్ని తప్పించుకుంటూ రాశారు, కావాలనుకున్న చోట దాని అంచులదాకా వెళ్లి బెదిరించారు. సమశ్రుతి ఆర్గన్ మీద ఆ బెదిరింపు వినబడదు. స్వరాలన్నీ ఉంటాయి, కథ ఉండదు.

అక్కడినుంచి ఇంకో అడుగు వేసింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం. పాత బాణీలో కట్టడం చాలదు, పాతవాళ్లు కట్టినట్టే కట్టాలన్నారు. ష్నిట్గర్ ఆర్గన్లను కొలిచి, లోహాన్ని పరీక్షించి 2000లో ఓర్గ్రూట కొత్త చర్చిలో నాలుగు వరుసల మెట్ల ఆర్గన్ నిలబెట్టారు. దానికోసం మునేతాకా యోకోతా అనే జపనీస్ శిల్పి, కరిగించిన సీసాన్ని ఇసుక పరుపు మీద పోసి రేకు తీసే మరిచిపోయిన పద్ధతిని తిరిగి పట్టుకున్నాడు. ఆధునిక శుద్ధ సీసంతో చేసిన గొట్టం తన బరువుకే కుంగిపోతుంది. పాత సీసంలోని మలినాలే దానికి వెన్నెముక. శుద్ధి చేయడం వల్ల చెడిపోయిన వస్తువు ఇంకొకటి వెంటనే తట్టడం లేదు. అదే బృందం తర్వాత విల్నియస్‌లో కాస్పరీని 1776లో కట్టిన ఆర్గన్‌ను అణువణువూ కొలిచి, దాని ప్రతిరూపాన్ని ఈస్ట్‌మన్ కళాశాల కోసం రోచెస్టర్‌లోని క్రైస్ట్ చర్చిలో 2008లో నిలిపింది.

ఈ ప్రతిరూపాల మీద నాకు రెండు అభిప్రాయాలున్నాయి. కట్టేటప్పుడు దొరికిన జ్ఞానం అసాధారణం. చరిత్ర పుస్తకాలు ఊహించినవి కొన్ని కొలిమి దగ్గర తప్పని తేలాయి. కానీ కట్టాక ఆ వాద్యం విద్యార్థికి ఒక రకం భయం కూడా నేర్పుతుంది: ఈ మెట్ల మీద ఫలానా కాలం దాటి వాయించకూడదు. ష్నిట్గర్ తన కాలానికి అత్యాధునికుడు. బుక్స్‌టెహూడ తన గొట్టాల ముందు కూర్చుని మ్యూజియంలో ఉన్నట్టు భావించలేదు. ఒకే ఒక్క ఆర్గన్ కొనగల కళాశాల ప్రతిరూపం కొంటే, శతాబ్దంన్నర సంగీతం బాగా నేర్పి మిగతాదానికి తలుపు వేసుకున్నట్టే. నాలుగు కొనగలిగినవాళ్లకే ఈ సిద్ధాంతం పూర్తిగా చెల్లుతుంది. ఈ సంగతి ఆర్గన్ పత్రికల్లో నిర్మొహమాటంగా రాసేవాళ్లు తక్కువ.

హెల్సింకీ దీనికి అవతలి ఒడ్డు. సిబేలియస్ అకాడమీ పాఠాలు జరిగే మ్యూజిక్ సెంటర్ 2011లో ఆర్గన్ లేకుండానే తెరుచుకుంది. స్వరకర్త కైయా సారియాహో 2017లో పది లక్షల యూరోలు విరాళమిచ్చి కదిలించింది. ఆస్ట్రియాలో రీగర్ సంస్థ కట్టిన 124 స్టాపుల వాద్యం 2024 మొదట్లో పలికింది. ఆమె 2023లోనే కన్నుమూసింది. ఇది ఏ పాత ఆర్గన్‌కీ నకలు కాదు. ఇంకా రాయని సంగీతం కోసం కట్టింది. ఓబర్లిన్ జవాబుకూ దీనికీ నడుమ ఎంచుకోమంటే నేను ఓబర్లిన్‌నే ఎంచుకుంటాను, కానీ స్వరకర్త చెల్లించి కట్టించిన ఆర్గన్ అన్న ఒక్క కారణానికి హెల్సింకీ వైపు మనసు లాగుతుంది.

ఇంతా చదివినవాడికి కొలువేది? జర్మనీలో చర్చి సంగీతానికి ఎ, బి అని పరీక్షలున్నాయి. అవి పాసైన కాంటోర్ ఆర్గన్ వాయించడమే కాదు, గాయక బృందాన్ని నడపాలి, పిల్లలకు పాట నేర్పాలి. ఆర్గన్ కళను 2017లో యునెస్కో వారసత్వ జాబితాకు చేర్చినప్పుడు ఆ దేశం ఇచ్చిన లెక్కలో దాదాపు 50,000 ఆర్గన్లు, 400 వర్క్‌షాపులు, 2,800 మంది శిల్పులు ఉన్నారు. పూర్తికాలపు ఆర్గనిస్టులు 3,500 మంది. మిగిలిన బల్లల మీద కూర్చునేది పదివేల సంఖ్యలో ఔత్సాహికులు. చర్చికి వచ్చే జనం తగ్గేకొద్దీ పూర్తికాలపు కొలువులు కరుగుతున్నాయి. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు ఆర్గన్ విభాగాలనే మూసేశాయి. గొట్టాల్లో సీసం ఉందని ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ప్రమాదకర పదార్థాలపై యూరోపియన్ యూనియన్ పెట్టిన చట్టం కింద ఆర్గన్లు కూడా వస్తాయేమోనని ఒకప్పుడు గుండెలు బాదుకున్నారు, 2017 సవరణలో వాటికి మినహాయింపు దొరికింది. గాలి పంకాకు కరెంటు ఉంది కాబట్టి ఆర్గన్ ఎలక్ట్రానిక్ వస్తువట!

ఏ ఆర్గన్ కట్టాలన్న తగువులో, ఆర్గన్ ముందు కాగితం లేకుండా కూర్చోబెట్టాలా వద్దా అన్న ప్రశ్న చాలాచోట్ల మరుగున పడిపోయింది. చారిత్రక ఆర్గన్లు కట్టిన బళ్లు చారిత్రక కల్పనను మాత్రం ఆలస్యంగా గుర్తుచేసుకున్నాయి. బాఖ్‌కు చీవాట్లు తెచ్చింది రాసిన రచన కాదు, ఆదివారం ఉదయం భక్తుల పాట మధ్యలో అప్పటికప్పుడు కల్పించిన స్వరాలు. పారిస్ మాత్రం ఆ దారం తెగనివ్వలేదు. ఫ్రాంక్ డొక్కు ఆర్గన్ మీద నేర్పింది అదే.

2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోట్రడామ్ చర్చి తగలబడినప్పుడు ఎనిమిది వేల గొట్టాల పెద్ద ఆర్గన్ మంటకు చిక్కలేదు గానీ, కప్పు నుంచి రాలిన సీసపు ధూళితో నిండిపోయింది. గొట్టాలను విప్పి, కడిగి, మళ్లీ శ్రుతి చేశారు. 2024 డిసెంబరు 7న చర్చి తెరిచిన సాయంత్రం ఆర్చిబిషప్ ఆర్గన్‌ను పేరుపెట్టి మేల్కొమ్మని ఎనిమిది సార్లు పిలిచాడు. ప్రతి పిలుపుకూ ఆర్గనిస్టులు వంతులవారీగా బదులిచ్చారు. వాళ్లలో ఒలివియే లాత్రీ, తియెరీ ఎస్కెష్ ఇద్దరూ పారిస్ కన్సర్వేటరీ ప్రొఫెసర్లు, ఎస్కెష్ అక్కడ నేర్పేదే మనోధర్మం. అందరికంటే చిన్నవాడు తిబో ఫజోల్‌కు అప్పటికి కన్సర్వేటరీ చదువు ఇంకా ముగియలేదు. ఎనిమిది జవాబుల్లో ఏ ఒక్కటీ కాగితం మీద లేదు.